కుమ్మరి పిల్ల బతికిన సినిమా

ఆదివారం పొద్దున సుగంతి ఇడ్లీ పిండి గరిటెతో కలుపుతుంటే ముందుగదిలోంచి మొగుడి నవ్వు వినబడింది. "లేదు రంజితా, ఆ పడంలో ఇంటర్వెల్ సీనే సీను!" అంటూ భూపతి ఫోన్లో ఏదో సినిమా గురించి ఊగిపోతున్నాడు. ఇరవై మూడేళ్ళ కాపురంలో తనతో ఇంత హుషారుగా ఎన్నడైనా మాట్లాడాడా? అడిగినదానికి 'ఊ', కూర బాగుంటే ఇంకో 'ఊ'. సుగంతికి ఒళ్ళు మండిపోయింది.

భూపతి పనిచేసే బూట్ల ఫ్యాక్టరీలో సినిమా పిచ్చివాళ్ళంతా కలిసి ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. తెలుగు గడగడా మాట్లాడతారు గానీ, అందరూ చదివింది అరవ బడుల్లో, తెలుగు అక్షరాలు ఒక్కరికీ రావు. అందుకని వాదనలన్నీ గొంతుతోనే. అందులో పళ్ళికొండ ఊరి రంజిత గొంతు మరీ ఎక్కువ. ఇవాళ ఆ మహాతల్లీ, పెద్దాయన నాగప్పా బాగాయంలోని వీళ్ళింటికే వస్తున్నారట, ఇన్నాళ్ళూ చూసినవాటిలో ఏది గొప్ప సినిమానో తేల్చడానికి!

వచ్చారు. రంజిత ఒకటి చెప్పడం, భూపతి చేతులూపుతూ కాదనడం, మళ్ళీ ఇద్దరూ పకపకా నవ్వడం. సుగంతి చట్నీ గిన్నె ఠంగున కింద పెట్టింది.

"నన్ను యెవురూ అడగరే? నేను పడం చూడలేదా?"

"నీకేం తెలుసే, చుమ్మా ఉండు" అని నోరు మూయించబోయాడు భూపతి.

"గుడియాత్తంలో చూసినామే, ఆ కుమ్మరి పిల్ల కథ! దాన్ని మించింది యాడుండాది? కడాకు బిడ్డనెత్తుకోని రైలు దిగి వస్తాదే, అబ్బా!"

రంజిత ఫక్కున నవ్వింది. "అయ్యో అక్కా, యాడ వస్తాది? కాన్పులోనే చచ్చిపోతాది కదా! నిద్రపోయినావా ఏంది?"

నాగప్ప కూడా నవ్వాడు. సుగంతికి తల కొట్టేసినట్టయింది.

"ఇంటర్వెల్లో వాంతులైతే నేను బయట కూర్చున్నా. మిగిలిన కథ ఈయనే బస్సులో చెప్పినాడు" అని మొగుడివైపు తిరిగింది. "నీ రంజితకు గంటలు గంటలు చెప్తావు, నాకు మాత్రం తప్పుడు కథా? అంత అలుసైపోయినానా నీకు?" కళ్ళనీళ్ళు జలజలా రాలాయి.

భూపతి తల దించుకున్నాడు.

"అలుసు కాదే. అప్పుడు నీకు ఎనిమిదో నెల. దానికి ముందు రెండు కడుపులు నిలవలా. ఆ పిల్ల కాన్పులో చచ్చిపోయిందని నీకెట్ల చెప్పేది? నోటికొచ్చింది చెప్పేసినా."

"మరి టీవీలో వచ్చినప్పుడంతా చానల్ మార్చేస్తావే?"

"అందుకే."

అప్పుడు సుగంతి కడుపులో ఉన్న కూతురు ఇప్పుడు కాలేజీకి పోతోంది. ఈ మనిషి ఇంకా ఆ అబద్ధాన్ని కాపాడుకుంటూనే ఉన్నాడు! ఇన్నాళ్ళూ ఈ ప్రేమ కనబడనందుకు ఆమెకు తన మీద తనకే కోపం వచ్చింది.

రంజిత పళ్ళెంలో ఇడ్లీ అలాగే ఉంది.

"మా ఆయన రెండేండ్లకే నన్ను వదిలేసి పోయినాడక్కా" అంది మెల్లగా. "నా కోసరం అట్లా ఒక్క అబద్ధం చెప్పినోళ్ళు లేరు. నిన్ను చూస్తే కుళ్ళుగా ఉండాది."

పొద్దుట్నుంచి తిట్టుకున్న మనిషి పక్కనే సుగంతి చతికిలబడింది. ఆ పళ్ళెంలో ఇంకో వేడి ఇడ్లీ వేసింది.

"తిను తల్లీ. తినేసి ఆ పడం కడాకు ఏమయిందో నువ్వే చెప్పు. ఉన్నదున్నట్టే చెప్పు, ఇప్పుడు నేను తట్టుకుంటా."