ఇరవై ఎనిమిది నంబరు అద్దం

ఎదురు ఫ్లాటు రాజకుమారి ఆ మాట రాజ్యలక్ష్మితో అనలేదు. పనిచేసే కురుమమ్మ చెవిన వేసింది. కురుమమ్మ దాన్ని మోసుకొచ్చి అశోక్‌నగర్‌లోని ఈ వంటింట్లో దించింది.

"సారు పొద్దుగాల బాల్కనీల నిలబడి కంటికి దుర్బిణి పెట్టి, ముందలి హాస్టల్ దిక్కే సూస్తుండంట. ఆడపిల్లలుంటరు గదమ్మా, గ్రూప్స్‌కి సదువుకునేటోళ్లు. గామె అన్నది. నేననలే."

రాజ్యలక్ష్మి ఉప్మా కింద మంట తగ్గించింది. భర్త జోగారావు చూసేది ఆడపిల్లల్ని కాదని ఆమెకు తెలుసు. వీధి ఈ మూల నుంచి ఆ మూల దాకా అద్దంలో ఎంత పడుతుందో చూస్తాడు, అంతే. ఆ సంగతి బయట చెబితే ఇంకా నవ్వుతారు.

అతను కంటికి పెట్టుకునేవాటిని వ్యూఫైండర్లంటారు. పాతకాలం కెమెరాకు వెడల్పు లెన్సు బిగిస్తే, ఫోటోలో ఎంతమేర వస్తుందో చూసుకోవడానికి కెమెరా నెత్తిన తగిలించే వేలెడంత గొట్టాలు. ఇంట్లో ముప్పై ఎనిమిది ఉన్నాయి. పట్టుచీరల అరలో కొన్ని, టీవీ కింద కొన్ని. బూజు పట్టకూడదని బియ్యం డబ్బాలోనూ పెట్టాడు మహానుభావుడు. పోయిన నెల ఒకటి ఎసట్లో పడబోయింది. కెమెరా మాత్రం ముప్పయ్యేళ్లుగా బీరువా మీదే ఉంది.

రాంనగర్‌లో ఉండే కూతురు హారతికి ఫోన్ చేసి, ఖాళీ సంచులు తెమ్మంది. ఆమె వచ్చేసరికి జోగారావు సోఫాలో కూర్చుని ఒక గొట్టాన్ని బనీను అంచుతో తుడుస్తున్నాడు.

"ఏమండీ, ఈ ఇంట్లో ఇవుండాలా, నేనుండాలా?"

"టిఫిన్ తిన్నాక మాట్లాడదాం."

"ఊరంతా పడుతుంది మీ అద్దాల్లో. మా అమ్మ ఒక్కతే పడలేదు."

గోడ మీద హారతి బారసాల ఫోటో ఉంది. పదకొండు మంది నిలువునా ఉన్నారు. కుడి అంచున ఆకుపచ్చ చీర చెంగు, గాజులున్న ఒక ముంజెయ్యి. అంతే.

"మళ్లీ అదేనా రాజ్యం. నొక్కే వేళకి ఆవిడే పక్కకి జరిగిందని చెప్పానుగా."

ఆ మాట నమ్మే, ఫోటో కడిగించి తెచ్చిననాడు రాజ్యలక్ష్మి అందరి ముందూ తల్లిని కసిరింది, నిలబడడం కూడా రాదా అమ్మా నీకు అని. "జరిగానేమోనే" అందావిడ. ఆ తర్వాత ఎవరు పిలిచినా ఫోటోలోకి రాలేదు. పోయిననాడు దండ వేయడానికి పటం లేకపోయింది.

హారతి బీరువా మీది కెమెరా దింపి, తోలు సంచి విప్పింది.

"నాన్నా, లెన్సు మీద ముప్పై అయిదని ఉంది. పైన తగిలించినదాని మీద ఇరవై ఎనిమిది. పర్వాలేదా?"

"పర్వాలేదేమిటే? ఇరవై ఎనిమిదిలో వెడల్పు ఎక్కువ కనిపిస్తుంది. అంచున నిలబడ్డవాళ్లు అద్దంలో ఉంటారు గానీ ఫిల్ములో..."

ఆగిపోయాడు. కురుమమ్మ చేతిలో చీపురు కూడా ఆగింది.

రాజ్యలక్ష్మి గోడకేసి చూసింది. తర్వాత కెమెరాకేసి.

"ఈ తేడా ఎప్పుడు వచ్చింది?"

"బారసాల నాడు. కంగారులో లెన్సు మార్చాను, పైది మార్చడం మరిచాను. రీలు కడిగించాక తెలిసింది. అప్పటికే మీవాళ్లంతా ఆవిడ ఎందుకు పడలేదని నన్ను అడుగుతున్నారు. నోటికొచ్చింది అనేశాను. ఆ తర్వాత మనుషుల్ని నిలబెట్టి ఫోటో తీయబుద్ధి కాలేదు. ఏ లెన్సుకి ఏది సరిపోతుందో అన్నీ తెచ్చి పెట్టుకున్నాను."

"ముప్పై ఎనిమిది తెచ్చారు. నోరు మాత్రం విప్పలేదు."

హారతి తల్లి భుజం మీద చెయ్యి వేసింది. రాజ్యలక్ష్మి కళ్లు తుడుచుకోలేదు. ఫోటో దింపి, ఆ ముంజేతి మీది దుమ్ము బొటనవేలితో తుడిచింది.

"తప్పే, రాజ్యం. ఇప్పుడు చెప్పేశానుగా."

"చెప్పాల్సింది నాకు కాదు. తనే జరిగాననుకుంటూ పోయింది మా అమ్మ."