చుక్కలు తెగిన చోటు

వనపర్తి బజారులో బాబు మియా ఫొటోలు తీసేవాడు. అతని భార్య షంషున్నీసా ఫొటోలు పడే అద్దం ప్లేట్లను మందులో కడిగేది. పరదా పాటించే ఆడవాళ్లు వస్తే వాళ్ల ఫొటోలు తీసేదీ ఆమే. అందువల్ల కెమెరా గురించి భర్తకు తెలిసినదంతా ఆమెకూ తెలుసు. ఓపిక మాత్రం ఆమెకే ఎక్కువ.

యుద్ధం వల్ల ప్లేట్లకు కరువొచ్చిన రోజుల్లోనే బాబు మియాకు చుక్కల పిచ్చి పట్టింది. ఊరి బయట గుట్ట ఎక్కి, ధ్రువ నక్షత్రం వైపు కెమెరా నిలబెట్టి, తెల్లవారుజాము దాకా లెన్సు తెరిచి ఉంచేవాడు. అలా చేస్తే చుక్కలు తిరిగిన జాడలు ప్లేటు మీద గీతలై పడతాయి. మొదటి ప్లేటును మంచు చెడగొట్టింది. దాంతో లెన్సుకు చెమ్మ పట్టకుండా వేడి చేసిన ఉప్పు మూటను లెన్సు గొట్టానికి కట్టడం నేర్చుకున్నాడు. ఇంకో ప్లేటు దారిన పోయే బండి లాంతరు వెలుగుకు పాడైంది. గుట్ట వెనక వైపుకు మారాడు. అక్కడ ఓ రాత్రి బండ మీద కాలు జారి పడ్డానని ఇంటికొచ్చి చెప్పాడు. ఒంటి మీద గీత కూడా లేదు.

ఆ తర్వాత ప్లేట్లన్నీ శుభ్రంగా వచ్చాయి, ఒక్క లోపం తప్ప.

నెగటివ్ మీద ఆకాశం పలుచటి బూడిద రంగులో, చుక్కలు నల్లటి గీతల్లా కనిపిస్తాయి. ఆ గీతలు ఒకచోట ఉన్నట్టుండి తెగిపోయి, అవతలి పక్క మళ్లీ మొదలయ్యాయి. మధ్యలో అద్దం ఖాళీ.

"ఏంది గిది?" అంది షంషున్నీసా.

"చెట్టు అడ్డం వచ్చిందేమో."

"చెట్టుకు తల, భుజాలు ఉంటయా?"

"అయితే మచ్చ. మందు సరిగ్గ పారలేదు."

"పారిచ్చింది నా చేతులే."

కెమెరా ముందు నుంచి నడిచిపోయే మనిషి ఇలాంటి ప్లేటు మీద పడడు. మొదటి నుంచి చివరి దాకా కదలకుండా నిలబడ్డ మనిషే పడతాడు. ఆ సంగతి, పెళ్లికూతుళ్లను కదలొద్దని బతిమాలి బతిమాలి గొంతు పోగొట్టుకున్న ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. తర్వాతి ప్లేటులో ఆ ఖాళీ ఇంకాస్త పెద్దదైంది. అంటే ఆ మనిషి కెమెరాకు దగ్గరగా వచ్చినట్టే. రాత్రిపూట, గుట్ట మీద, తన మొగుడి ముందు అంతసేపు నిలబడేది ఎవరు? ఆడదే అయ్యుంటుందని షంషున్నీసా నిశ్చయించుకుంది. నిజమని తేలిన రోజున బిడ్డను చంకనేసుకుని అచ్చంపేటలో అన్న ఇంటికి పోవాలనీ అనుకుంది.

గుట్ట కింద పల్లి చేనుకు కావలి ఉండే జంగయ్య ఓసారి బజారుకొస్తే, తెర వెనక నుంచే అడిగింది.

"నిజం చెప్పు జంగయ్యా. మా ఆయన ఎంబడి ఎవరొస్తరు?"

"ఎవరు రారు బీబమ్మా, ఒక్కడే." జంగయ్య నవ్వాడు. "ఏం మనిషో గని, నేను పండుకునేటప్పుడు బండ మీద నిలబడే ఉంటడు. పొద్దు పొడిచినంక చూసినా నిలబడే ఉంటడు. కాళ్లు గుంజవా జర?"

పొద్దు పొడిచే వేళకు బాబు మియా ఇంట్లో చాయ్ తాగుతుంటాడు. ఇది తన మొగుడు నేర్పిన అబద్ధమే అనుకుంది షంషున్నీసా. నేర్పడం కూడా సరిగ్గా రాలేదు.

అమావాస్య నాడు బిడ్డను పక్కింట్లో పడుకోబెట్టి, బుర్ఖా వేసుకుని అతని వెంటే బయల్దేరింది. అతను వద్దనలేదు.

గుట్ట మీద కెమెరా సిద్ధం చేశాక ఆమె అంది: "మీరే పోయి ఎదురుగ నిలబడుండ్రి. మనిషి అడ్డమైతే ప్లేటు ఎట్లొస్తదో చూస్త. గా మచ్చ, మీ మచ్చ ఒక్కతీరుగ లేకుంటే నా అనుమానం తీరిపోతది."

"తెల్లారేదాంకనా?"

"మీకు అలవాటేనంట గద, జంగయ్య చెప్పిండు."

బాబు మియా వెళ్లి, ధ్రువ నక్షత్రానికి కుడివైపు బండ మీద నిలబడ్డాడు. ఆమె లెన్సు మూత తీసింది.

పగలంతా కాగిన బండలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. చేను వైపు నుంచి పల్లి ఆకుల వాసన వస్తోంది. ఎక్కడో నక్క కూసి ఊరుకుంది. చుక్కల వెలుగులో భర్త ఆకారం నల్లగా కంటికి ఆనుతోంది. ఆమె దాని మీద నుంచి చూపు తిప్పలేదు. ఏ ఆడదీ రాలేదు. మనసు కొంచెం కొంచెంగా తేలికపడింది.

అప్పుడు దగ్గు వినిపించింది.

కెమెరా ముందు ఎడమ పక్క... బాగా దగ్గరగా. ప్లేట్ల మందుల వల్ల బాబు మియాకు వచ్చే పొడి దగ్గు.

"మీరేనా?" అంది గుసగుసగా.

ఎదురుగా ఉన్న మనిషి పలకలేదు. ఎడమ పక్క బండలు తప్ప ఏమీ లేవు. తడి మట్టి వాసన మాత్రం వేసింది... వాన చినుకు లేని గుట్ట మీద.

మళ్లీ ఎదురుగా చూసింది. నిలబడ్డప్పటి నుంచి అతను కదల్లేదు. కాలు మార్చుకోలేదు. తల గోక్కోలేదు. ఇంతమందికి ఫొటోలు తీసింది... ఎవరూ... ఎవరూ ఇలా నిలబడలేదు.

లెన్సు మూసింది.

"చాలా?" అంటూ అతను నవ్వుతూ వచ్చాడు. దారి పొడుగునా ముందు నడిచాడు. ఆమె దూరంగా వెనకే నడిచింది.

ఇంటికి చేరగానే చీకటి గదిలో గడియ పెట్టుకుని, ఎర్ర లాంతరు కింద ప్లేటును మందులో ముంచింది. గీతలు ఒక్కొక్కటే తేలాయి. భర్త నిలబడ్డ చోట వెతికింది. అక్కడ చుక్కలన్నీ ఉన్నాయి. ఒక్క గీత కూడా తెగలేదు. లెన్సు తెరిచి ఉన్నంతసేపూ ఆ చోట ఎవరూ నిలబడనే లేదు.

ఎడమ పక్కన మాత్రం అద్దం ఖాళీగా ఉంది. మనిషి ఆకారం, మునుపెన్నడూ లేనంత దగ్గరగా. ఒక భుజం కొంచెం వంగి ఉంది, ఏళ్ల తరబడి కెమెరా పెట్టె మోసిన భుజంలా. చెయ్యి లెన్సు వైపు చాచి ఉంది. వద్దంటున్నట్టో... పిలుస్తున్నట్టో. అతను బండ మీద జారి పడ్డానన్న రాత్రి తర్వాతే ఈ ఖాళీ మొదలైందని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

తలుపు మీద ఎవరో మెల్లగా తట్టారు.

"షంషూ," అంది బయటి గొంతు. "ఎవరన్న పడ్డరా?"