ఊపిరి బిగబట్టండి

హిందీవాళ్ల మధ్య, ఉక్కు ప్లాంటు పక్కనున్న రిసాలిలో తెల్లారింది. పాలవాడు గేటు ముందు హారన్ కొట్టి వెళ్లేసరికే అచ్చమ్మ వరండాలో కత్తిపీట ముందు కూర్చుని బీరకాయలు తరుగుతోంది. చేతులు బీరకాయల మీద, నోరు వీధి మీద. ఎదురింటి కోడలు మళ్లీ నీళ్ల మోటారు ఆపడం మరిచిపోయిందని, దాని మొగుడు కూడా వట్టి మొద్దేనని ఒకటే ధోరణి. మనవరాలు హరిత చప్పుడు కాకుండా కెమెరాను స్టాండు మీద పెట్టి బటన్ నొక్కింది. అంతే! అచ్చమ్మ కత్తిపీట పక్కకు నెట్టి, పమిట సర్దుకుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ఊపిరి బిగబట్టి కూర్చుంది.

"నాన్నమ్మా, ఇది ఫోటో కాదు, వీడియో! బీరకాయలు తరుగు, కబుర్లు చెప్పు. బస్, అంతే, ఇందాకటిలాగే."

"అయిందేటే?" అంది అచ్చమ్మ పెదాలు కదపకుండా.

"అవ్వలేదు!"

"అయితే నన్ను మాటాడించకు. సెడిపోద్ది."

హరిత నెత్తిన చేతులు పెట్టుకుంది. పాపం, ముసలమ్మనేం అంటాం? ఈ చుట్టుపక్కల ఏ ఆంధ్రా ఇంటికెళ్లి కెమెరా ఎత్తినా ఇదే తంతు. ఆ పాపమంతా హరిత తండ్రి పరబ్రహ్మానిది. సెక్టారు మార్కెట్లో స్టూడియో పెట్టిన నాటి నుంచీ పెళ్లిళ్లు, బారసాలలు, ప్లాంటులో రిటైరైన వాళ్ల పూలదండల ఫోటోలు అన్నీ ఆయనే తీశాడు. "ఊపిరి బిగబట్టండి, హిల్నా మత్, కదలకండి!" అని అరిచి అరిచి, ఇంతమందికి బొమ్మల్లా కూర్చోవడం నేర్పేశాడు మహానుభావుడు.

హరిత కూడా ఆయన శిష్యురాలే. కాలేజీ రోజుల నుంచే తండ్రి పక్కన నిలబడి ఫోటోలు తీసింది. నా తర్వాత స్టూడియో నా కూతురిదేనని ఆయన అందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు. పోయినేడు పక్కనే ఉన్న మరోదా అనే పేటలో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు, అప్పగింతల్లో పెళ్లికూతురు తండ్రి చెయ్యి పట్టుకున్న ఫోటో తీసింది హరిత. అందరూ ఆహా అన్నారు. ఆమెకే తృప్తి లేదు. క్లిక్ అన్న మరుక్షణం ఆ పిల్ల తండ్రి చెవిలో ఏదో చెప్పింది, ఆయన ఏడుస్తూనే నవ్వేశాడు. అది ఫోటోలో లేదు.

అప్పటి నుంచీ హరితకు సినిమా పిచ్చి పట్టుకుంది. పుణెలో డైరెక్షన్ కోర్సుకు దరఖాస్తు పెట్టింది. సీటు రావాలంటే ఇంట్లో మనిషి మీద చిన్న సినిమా తీసి ఆదివారంలోగా పంపాలి. ఆ ఇంట్లో మనిషేమో ఇదిగో, ఊపిరి బిగబట్టి కూర్చుంది!

మధ్యాహ్నం పరబ్రహ్మం భోజనానికి వచ్చాడు. పీట మీద కూర్చుంటూనే మొదలెట్టాడు.

"షాపుకి రాలేదేటే? పాస్‌పోర్టు ఫోటోల వాళ్లు లైన్లో నిలబడ్డారు."

"ఆదివారం దాకా ఆగు డాడీ, ప్లీజ్."

"ఆదివారం తర్వాత పుణె. అదయ్యాక బొంబాయి. నా షట్టరు ఎవడు ఎత్తుతాడు?"

భార్య మణిమాల చారు గిన్నె పట్టుకొచ్చింది. "అన్నం దగ్గర గొడవలేటి? ముందు తినండి ఇద్దరూ!"

"నువ్వుండు మణీ. నేను నేర్పింది చాల్లేదంటోంది నీ కూతురు. అదీ సంగతి." అసలు నొప్పి అక్కడుంది మరి. ఆయన ఎడమ చేత్తో గోడ మీద ఫోటో చూపించాడు. "మీ తాతని సూడు. నేను తీసిన మొదటి మంచి ఫోటో అది. నాన్న పోయి ఇన్నేళ్లయినా ఇంట్లో ఉన్నాడంటే ఆ ఫోటో వల్లే. నీ సినిమాలు గోడకి తగిలించుకోగలమేటే?"

హరితకూ కోపం వచ్చింది. "ఫోటో బాగానే ఉంది. మరి తాతయ్య గొంతెలా ఉండేది? నిన్నెలా పిలిచేవాడు? ఒక్కసారి చెప్పు డాడీ, సునావో నా!"

పరబ్రహ్మం నోరు తెరిచాడు. గుర్తు తెచ్చుకోవడానికి ఫోటో వంక చూశాడు. ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో జీవితమంతా పనిచేసిన తండ్రి చినబాబు అందులో మూతి బిగించి, కొడుకు చెప్పినట్టే కదలకుండా కూర్చున్నాడు. ఎంత వెతుక్కున్నా గొంతు మాత్రం గుర్తు రాలేదు. పరబ్రహ్మం చారన్నం అలాగే వదిలేసి చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. హరిత నాలిక కరుచుకుంది. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

సాయంత్రం ఆయన తొందరగా షట్టరు దించేసి ఇంటికొచ్చాడు. మెడలో పాత కెమెరా.

"అమ్మ నీ మాట ఇనదు. నేను కూచోబెడతాను. నీ మిషను పెట్టుకో," అన్నాడు కూతురి మొహం చూడకుండా.

హరిత స్టాండు వేసి కెమెరా ఆన్ చేసింది. ఆయన వరండాలో తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, పమిట సర్ది, గడ్డం కాస్త పైకెత్తాడు. "ఊపిరి బిగబట్టమ్మా, హిల్నా మత్!" క్లిక్‌మంది. "అయిపోయింది."

హమ్మయ్య అని ఊపిరి వదిలింది అచ్చమ్మ. భుజాలు వదులు చేసి కాళ్లు చాపుకుంది. ఆమె లెక్కలో ఫోటో అయిపోయింది కదా! పక్కన ఇంకో కెమెరా తిరుగుతోందన్న ధ్యాసే లేదు. ఇన్నాళ్లూ హరిత వెతుకుతున్నదంతా క్లిక్ తర్వాతే ఉంది. ఆ క్లిక్ తండ్రి చేతిలో ఉంది.

"ఒరే, మజ్జాన్నం అన్నం ఒగ్గీసి ఎల్లిపోనావు. మీ నాన్న గొంతు మర్సిపోనావేటిరా?" అంది అచ్చమ్మ.

పరబ్రహ్మం తల దించుకున్నాడు. "మర్చిపోయానమ్మా."

"నాను మర్సిపోలేదు. డూటీ నుండి వొచ్చి సైకిలు దిగీవోడు కాదు. గేటు కాడ సైకిలు మీదే కూకొని..." అచ్చమ్మ గొంతు బొంగురు చేసి, మెడ సాచి గట్టిగా కేకేసింది. "ఒరే బెమ్మం! గేటు తియ్యరా, అడ్డగాడిదా!"

"ఆఁ, వస్తన్నాను నాన్నా!"

అనేశాడు పరబ్రహ్మం. అనడమే కాదు, గబగబా వెళ్లి గేటు గొళ్లెం మీద చెయ్యి వేశాక గాని ఆయనకు తెలివి రాలేదు. గేటవతల ఎవరూ లేరు. గొళ్లెం పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. భుజాలు అదురుతున్నాయి.

హరిత కళ్లు తుడుచుకుని కెమెరా ఆపబోయింది.

"ఆపకే," అన్నాడు ఆయన వెనక్కి తిరగకుండా. "ఆదివారం లోగా పంపాలన్నావు గదా. పంపించు. ఆ కేక ఉన్న కాపీ మాత్రం ఇంట్లో ఒకటి ఉంచు తల్లీ. మళ్లీ ఇనాల నేను."

అచ్చమ్మ కుర్చీ పట్టుకుని లేచి, మెల్లగా గేటు దాకా వచ్చి కొడుకు వీపు మీద చెయ్యి వేసింది. అరవై దాటిన కొడుకు ఇంకా మూతి బిగించుకునే ఉన్నాడు.

"ఊపిరి బిగబట్టకురా బెమ్మం," అంది. "ఏడువు."