రికార్డు రూములో రెండు మొండిఘటాలు

“ఈ నోట్‌బుక్ తీసుకోనండి.”

ఆమెకు ఒళ్లు మండింది. ఖనిజ శాఖలో చేరాక మొదటిసారి కొండెక్కి, రాళ్లు పగలగొట్టి, పరీక్షించి రాసుకొచ్చిన నోట్‌బుక్ అది. కౌంటర్ అవతల రికార్డు కీపరు తాపీగా ఒక పేజీ చూపించాడు.

“ఇక్కడ రబ్బరుతో చెరిపారు. తప్పు రాస్తే ఒక గీత కొట్టి సంతకం పెట్టాలి. అడుగున ఏముందో కనబడాలి.”

“మీ ఇంట్లోవాళ్లు మిమ్మల్ని ఎలా భరిస్తున్నారండీ?”

“అమ్మ కూడా అదే అడుగుతుందండి.”

పళ్లు నూరుకుంటూ అంతా మళ్లీ రాసిచ్చింది. ఆ తర్వాత ఏదో ఒక వంకతో రోజూ అటే వెళ్లేది. పోట్లాడ్డానికే అని తనకు తాను సర్దిచెప్పుకుంది పిచ్చిది.

ఒక వానరోజు డైరెక్టర్ ఇద్దర్నీ పిలిపించాడు.

“కొండరాయిలో ఆర్సెనిక్ ఉందని రాశావటగా అమ్మాయ్? గని పర్మిషన్ ఆగిపోయింది. ఆ పేజీ మార్చు.”

“ఉంది కాబట్టే రాశాను సార్. తవ్వితే కింది ఊరి నీళ్లు విషమైపోతాయి.”

“నీ ఉపన్యాసం ఎవడడిగాడు? ఏమయ్యా, ఆ నోట్‌బుక్ ఇలా పట్రా.”

రికార్డు కీపరు కదల్లేదు.

“ఇవ్వను సార్. నకలు పొద్దున్నే పై ఆఫీసుకు పంపేశాను.”

డైరెక్టర్ మొహం మాడిపోయింది. “ఇద్దర్నీ చెరో మూలకి బదిలీ చేయిస్తాను. పొండి.”

వరండాలో వాన జల్లు కొడుతోంది. బదిలీకి ఆమె బెదరలేదు. చెరో మూలకి అన్న మాటే కలుక్కుమంది.

“రూల్ కోసమేనా ఇదంతా?”

“నోట్‌బుక్ ఇవ్వకపోవడం రూలేనండి.” అతను నేల చూపులు చూశాడు. “నిద్రమానుకుని నకలు రాయడం మాత్రం మీ కోసం.”

ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

“సరే, ఇంకో రూల్ చెప్పండి. భార్యాభర్తలిద్దరూ ఒకే శాఖలో ఉంటే?”

“ఒకే ఊళ్లో వేయా...” మాట అక్కడే ఆగిపోయింది. చెవులదాకా ఎర్రబడ్డాడు.

“ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి.”

“ఉందండి. చాలా ఉంది.”

అంతే. ఆమె వెనక్కి తిరిగి డైరెక్టర్ గది తలుపు తోసింది.

“సార్, మమ్మల్ని ఎక్కడికైనా తోలండి, ఒకే ఊరికి తోలండి. పెళ్లి చేసుకుంటున్నాం. అక్కడా నేను ఉన్నది ఉన్నట్టే రాస్తాను, ఈయన భద్రంగా దాస్తారు.”