తాడు కట్టిన బుట్ట

ఆకుపచ్చ సాక్సు ఒక్కటే దొరికింది. దాని జత ఎక్కడ పోయిందో ఇంట్లో ఎవరికీ తెలీదు.

"ఒక్కటి చాల్లేవే. బొమ్మ ఏమన్నా స్కూలుకెళ్ళాలా, జత కావాలనడానికి?" అంది అమ్మ, బట్టలు ఇస్త్రీ చేస్తూ.

బొమ్మ కోసం సాక్సు వెతుకుతున్న ఆ అమ్మాయిని అపార్ట్‌మెంట్‌లో అందరూ మైకు అంటారు. రహస్యం చెప్పినా పక్క ఫ్లాటుకి వినిపించే గొంతు ఆమెది.

ఆ సాయంత్రం కింద పార్కింగ్‌లో ఆరోగ్య సభ. ఆరోగ్య కేంద్రం నుంచి నర్సు వచ్చి అందరికీ బీపీ చూస్తారు. నడక గురించి, నిద్ర గురించి, మనసు బాగోలేనప్పుడు ఏం చేయాలో చెబుతారు. ఉపన్యాసమంటే జనం జారుకుంటారని, చివర్లో పిల్లల బొమ్మలాట పెట్టారు. "ఒంటరిగా ఉండేవాళ్ళ గురించి చిన్న ఆట చెయ్యి. నీకైతే మైకు కూడా అక్కర్లేదు," అని నర్సు ఆ పని ఈ మైకుకే అప్పగించారు.

మైకు సాక్సుకి రెండు గుండీలు కళ్ళుగా కుట్టింది. గళ్ళ గుడ్డ ముక్కని శాలువాలా చుట్టింది. అగ్గిపెట్టెకి దారం కట్టి బుట్ట చేసింది.

తమ్ముడు చూసి పడీ పడీ నవ్వాడు. "అక్కా, ఇది మూడో అంతస్తు ఆంటీ కదూ!"

మూడో అంతస్తు ఆంటీ కిందికి రారు. వాళ్ళమ్మ పోయినప్పటి నుంచీ అంతే. రోజూ పొద్దున బాల్కనీలోంచి తాడు కట్టిన బుట్ట దిగుతుంది. పాలు వేసే అతను అందులో పాకెట్ పెట్టి, గుర్తుగా తాడు ఒకసారి లాగుతాడు. బుట్ట పైకి పోతుంది. గళ్ళ శాలువా అంచు కనిపిస్తుంది గానీ మనిషి కనిపించదు.

"ఆంటీ చూస్తేనో?" అన్నాడు తమ్ముడు.

"ఆవిడ దిగితే కదరా చూడ్డానికి!"

సాయంత్రం పార్కింగ్ నిండిపోయింది. నర్సు చెప్పాల్సినవన్నీ చెప్పి, ఆఖర్లో ఒక మాట అన్నారు. "ఇరుగుపొరుగు వాళ్ళని ఎలా ఉన్నారని అడుగుతాం. బాగానే అడుగుతాం. కానీ జవాబు వినకుండానే మెట్లు దిగిపోతాం. అడిగాక కాస్త ఆగండి."

ఆ మాట మైకు సరిగ్గా వినలేదు. బల్లకి కట్టిన దుప్పటి వెనక తన డైలాగులు తను చెప్పుకుంటోంది.

ఆట మొదలైంది. దుప్పటి పైన ఆకుపచ్చ బొమ్మ తల ఎత్తింది.

"అమ్మో! నేను కిందికి రానంటే రాను! కింద మనుషులుంటారు! మనుషులు కరుస్తారు!"

అగ్గిపెట్టె బుట్ట ఊగుతూ దిగింది. జనం గొల్లున నవ్వారు. "అచ్చం మూడో అంతస్తే!" అని ఎవరో అరిచారు. మైకుకి ఇంకా హుషారొచ్చింది. బొమ్మని దగ్గించింది, వణికించింది, దాని ముఖం శాలువాలో దాచేసింది.

ఉన్నట్టుండి నవ్వులు ఆగిపోయాయి.

తమ్ముడు ఆమె గౌను లాగాడు. మైకు దుప్పటి పక్కనుంచి తొంగి చూసింది. ఆఖరి వరసలో, లిఫ్టు దగ్గర, గళ్ళ శాలువా. ఆంటీ ముందున్న కుర్చీని పట్టుకుని నిలబడి ఉన్నారు. లిఫ్టు కోసం కూడా ఆగలేదు. వెనక్కి తిరిగి మెట్లెక్కి వెళ్ళిపోయారు.

జనం వెళ్ళాక నర్సు బీపీ మిషన్ సర్దుకుంటూ అన్నారు. "ఎన్ని వారాలు ఆవిడ తలుపు దగ్గర నిలబడి మాట్లాడానో. ఇవాళే మొదటిసారి దిగారు."

నర్సు తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మర్నాడు బుట్ట దిగలేదు. ఆ మర్నాడూ దిగలేదు. వాచ్‌మన్ దగ్గర ఉండిపోయిన పాల పాకెట్లు అమ్మ తీసుకెళ్ళి ఆంటీ తలుపు గొళ్ళేనికి తగిలించి వచ్చింది.

"తలుపు తీశారా అమ్మా?"

"లేదు. నేనూ గట్టిగా కొట్టలేదులే. నేనూ నవ్వానుగా ఆ రోజు. ఏ మొహం పెట్టుకుని కొట్టను?"

బడి నుంచి వచ్చాక మైకు బొమ్మని వీపు వెనక దాచుకుని మూడో అంతస్తుకి వెళ్ళింది. బెల్ కొట్టింది. చాలాసేపటికి తలుపు గొలుసు మేర తెరుచుకుంది.

"ఆంటీ, నేను..."

"తెలుసు. నీ గొంతు తెలియని వాళ్ళెవరు?"

"సారీ ఆంటీ. మీరు వస్తారనుకోలేదు."

"అంటే, రాననుకునే చేశావా?"

మైకు బొమ్మని వీపు వెనక ఇంకా లోపలికి దాచుకుంది.

ఆంటీ ఆ చేతి వంక చూశారు. గొలుసు తీసి చెయ్యి చాపారు. "ఏదీ, ఆ వెనక దాచింది ఇటివ్వు."

బొమ్మని అటూ ఇటూ తిప్పారు. "కన్ను ఊడిపోతోంది. గట్టిగా కుట్టు."

"వచ్చే ఆదివారం ఈ బొమ్మలాట పక్క వీధిలో కూడా ఆడాలి ఆంటీ. ఈ శాలువా, బుట్ట అన్నీ పీకేస్తాను."

"శాలువా పీకెయ్. అది నాది. బుట్ట ఉండనీ."

"ఎందుకు?"

"బుట్ట దిగుతుంది సరే. నీ ఆటలో కింద ఎవరున్నారు?"

మైకు ఆలోచించింది. కింద ఎవరినీ పెట్టలేదు.

"నా బుట్ట కిందా అంతే," అన్నారు ఆంటీ. "పాకెట్ పడుతుంది. తాడు కదులుతుంది. లాగేస్తాను."

బొమ్మ తిరిగిచ్చి తలుపు వేసుకున్నారు. ఈసారి గొలుసు పెట్టిన చప్పుడు కాలేదు.

ఆ సాయంత్రం మైకు ఇంకో సాక్సు తీసింది. గోధుమరంగుది. దానికి ఊలుతో రెండు జడలు వేసి, ఎర్ర దారంతో నోరు కుట్టింది. చెవి దాకా నోరు.

"అక్కా, ఇది నువ్వే!" అన్నాడు తమ్ముడు.

"నేనే. కింద నిలబడేది ఇదే."

మర్నాడు పొద్దున యూనిఫాం వేసుకుని మైకు బాల్కనీ కింద నిలబడింది. పాలు వేసే అతను వచ్చాడు. మైకు పాకెట్ తన చేతిలోకి తీసుకుంది. పైకి చూసింది. ఏమీ దిగలేదు. చేతిలో పాకెట్ చెమర్చింది.

అప్పుడు తాడు కనిపించింది. బుట్ట గోడకి తగులుతూ మెల్లగా దిగింది.

మైకు అందులో పాకెట్ పెట్టింది. తాడు లాగలేదు.

"ఎలా ఉన్నారాంటీ?" అని అడిగింది. ఆ గొంతుకి మూడంతస్తులు ఒక లెక్కా?

పైనుంచి ఏమీ వినిపించలేదు. గేటు బయట స్కూలు వ్యాను హారన్ కొట్టింది.

"అక్కా, వ్యాను!" అని తమ్ముడు అరిచాడు.

మైకు ఉండమన్నట్టు వాడికి చెయ్యి చూపించింది. పైకే చూస్తూ నిలబడింది.

ముందు శాలువా అంచు కనిపించింది. ఆ తర్వాత ముఖం.

"రాత్రి నిద్ర పట్టలేదే," అన్నారు ఆంటీ.

"ఎందుకని?" అంది మైకు. తాడు పట్టుకుని, మళ్ళీ ఆగింది.