మొరారియా గడప

లిస్బన్‌లోని రోసియో కూడలిలో ఎండ మండిపోతోంది. పాదపట్టీలు బిగించుకున్న కృప నడుస్తూనే ఉంది. దూరాన కూర్చున్న అతిథుల కోసం నడిచే నడకరి ఆగకూడదు. ఆగితే, పట్టీల ద్వారా ఆమె పాదాలతో జతపడి తునిలోని కల్యాణమండపం నిండా కూర్చున్నవాళ్లందరికీ కాళ్లు తిమ్మిరెక్కుతాయి. లిస్బన్ రాళ్లబాట అక్కడ వాళ్ల అరికాళ్లకు తగులుతుంది. కృప ఒక్క అడుగు వేస్తే, దారి చెబుతూ అడుగులు లెక్కపెట్టే దారియంత్రానికి అది మండపం మొత్తం వేసిన అడుగు.

ఆ లెక్కే ఆమె ప్రాణం మీదికి తెచ్చింది. అతిథుల అడుగులు పడని పేటకు ట్రాము ఆగదు, నీళ్లు రావు, దీపాలు వెలగవు. అల్ఫామా పేట బతికిపోయింది. బైషాకు తిరుగేలేదు. మొరారియా మాత్రం అతిథుల అడుగులు పడక ఈ పొద్దుగూకేసరికి ఆరిపోతుంది. కృప ఉండేది అక్కడే. ఊరందరి పేటలనూ నిలబెట్టిన కాళ్లు సొంత వీధికి పనికిరావట, ఎంత అన్యాయం! నడకరి తన పేటకు అతిథుల్ని తీసుకెళ్తే పట్టీలు లాగేసుకుంటారు. మళ్లీ పని దొరకదు.

"అమ్మాయ్, కోటలూ చర్చిలూ చాలుగానీ, మీ ఇల్లెక్కడ?" చెవిలో సీతారత్నం గొంతు. మండపంలో అందరి తరఫునా మాట్లాడేది ఆవిడే.

"దారిలో లేదండి. ఇప్పుడు చియాదో పేటకు వెళ్లాలండి."

"బాగుందమ్మా సంబడం! ఇంత దూరం వచ్చి నీ గడప తొక్కకుండా పోతామా? కాసిని కాఫీ నీళ్లయినా పొయ్యవా ఏంటి?"

"పంచదార తక్కువెయ్యమని చెప్పవే!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. మండపమంతా గొల్లుమంది. కృపకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

"ఎడమకు, చియాదో," అంది దారియంత్రం.

"రండి పిన్నిగారూ, మా ఇంటికే వెళ్దాం," అంటూ కృప కుడికి తిరిగింది.

"దారి తప్పావు. వెనక్కి తిరుగు."

పట్టీలు చురుక్కుమన్నాయి. ఆమె ఆగలేదు. మొరారియా ఇరుకు మెట్లెక్కుతుంటే తునిలో ఆయాసాలు మొదలయ్యాయి. "ఇవేం మెట్లే తల్లీ!" అంటూనే అందరూ ఎక్కారు. తలుపు తీసి, "రండి రండి, కాళ్లు కడుక్కుని..." అని కృప అంటూండగానే పట్టీలు చల్లబడిపోయాయి. చెవిలో తుని గొంతులు తెగిపోయాయి. పని పోయింది.

పొద్దుగూకింది. గిన్నె పట్టుకుని కుళాయి తిప్పింది. కాసేపు గుడగుడమంది. తర్వాత నీళ్లొచ్చాయి.

వీధిదీపాలు వెలుగుతున్నాయి. ఎవరూ లేని వంటింట్లో ఆమె కాఫీ కాచింది. పంచదార తక్కువే వేసింది.