పురుగులింట్లో ఎర్రా పచ్చా వెలుగు

కెలమంగలంలో బస్సు దిగి అడ్డదారిన నడిస్తే, మల్బరీ తోటలు దాటాక ఒక గుట్ట వస్తుంది. గుట్ట మీద పట్టుపురుగులు పెంచిన పాత ఇల్లు. పెంకులు సగం జారిపోయాయి, తలుపు ఒంటి బందు మీద వేలాడుతుంది. పొద్దు గూకాక ఆ పక్కకి పోవద్దంటారు.

పోతే ఏమవుతుంది?

పురుగులు లేని ఇంట్లో పురుగులు ఆకు మేస్తున్న చప్పుడు వినిపిస్తుంది... సన్నటి వాన పడుతున్నట్టు. ఆ తర్వాత ఎర్రగా ఒక వెలుగు, పచ్చగా ఒక వెలుగు. ఆ తర్వాత — ఆడమనిషి గొంతు.

ఆ గొంతు అక్కమ్మదని ఊరి నమ్మకం.

అక్కమ్మ ఆ పురుగులిల్లు పెట్టిన వీరప్ప పెండ్లాము. ఒక ఏడు పురుగులన్నీ గూడు కట్టకముందే నల్లబడి చచ్చాయి. ముట్టయిన రోజుల్లో అక్కమ్మ లోపలికి పోయిందనీ, అందుకే పంట పోయిందనీ వీరప్ప ఆమెను వీధిలోకి ఈడ్చి కొట్టాడు. పక్క ఊర్లలోనూ అదే వారం పురుగులు చచ్చాయి. అక్కడి పురుగులకు అక్కమ్మ సంగతి ఎవరు చెప్పారో తెలియదు.

ఆమె కూతుర్ని అత్త దగ్గర వదిలి, ఊత్తంగరై పక్కనున్న పుట్టింటికి పోయింది. కొన్నాళ్ళకు వీరప్ప కూడా ఆ పక్కకి పోయి, గుండు గీయించుకుని తిరిగొచ్చాడు. జ్వరమొచ్చి అక్కమ్మ పోయిందన్నాడు. ఆడనే కాల్చేసినామన్నాడు. ఊరంతటికీ దినం కూడు పెట్టాడు. గుండు మీద వెంట్రుకలు సరిగ్గా మొలవకముందే త్రివేణిని కట్టుకొచ్చాడు.

కొత్త పెండ్లాము ఇంట్లోకొచ్చాక పాత పెండ్లాము దెయ్యం కావడం మన దగ్గర రివాజే కదా. ఎవరూ ఆశ్చర్యపోలేదు.

తక్కిన కథ పాపక్క చెప్పగా విన్నది. పాపక్క ఆ ఊరిదే. రోజూ హోసూరుకు పూలబుట్ట తీసుకుపోయి అమ్ముకొస్తుంది.

కెలమంగలంలో సెల్లు టవరు లేచిన కొత్తలో, ఊరి మగవాళ్ళందరి చొక్కా జేబులూ ఒక పక్కకి ఒరిగాయి. ఊర్లో మాత్రం సిగ్నల్ రాదు. మాట్లాడాలంటే ఆ గుట్ట ఎక్కాల్సిందే. పగలంతా గుట్ట మీద మగవాళ్ళు రెండో చెవి మూసుకుని అరుస్తూ ఉండేవాళ్ళు. ఎక్కువగా అరిచేది ఒకటే — "ఆఁ, వినబడతా ఉందా?"

ఊరి పెద్ద హనుమంతప్ప పాల డెయిరీ ముందర పంచాయితీ పెట్టి ఒక కట్టుబాటు చేశాడు. ఆడవాళ్ళ చేతికి సెల్లు ఇవ్వకూడదు. ఎవరితో ఏం మాట్లాడతారో తెలియదు కాబట్టి. మగవాళ్ళు ఎవరితో ఏం మాట్లాడతారో ఆడవాళ్ళకూ తెలియదు గానీ, ఆ లెక్క పంచాయితీకి రాలేదు.

అక్కమ్మ కూతురు చైత్ర అప్పుడే పదో తరగతి పాసయింది. హోసూరులో చదువుకుంటానంది. హనుమంతప్ప తన అక్క కొడుకు తిలక్‌కి ఆ పిల్లని అడిగాడు, వీరప్ప తలూపాడు. చైత్రని ఎవరూ అడగలేదు. అది ఆనవాయితీ కాదు.

లగ్నం రాయించుకున్న రోజు హనుమంతప్ప కెలమంగలం నుంచి నడిచొస్తున్నాడు. చీకటి పడింది. కెలమంగలంలో ఉండగా అక్క ఫోను ఎత్తలేదు, ఆ సంగతి ఈ రాత్రికే చెప్పాలి. చెప్పాలంటే గుట్ట ఎక్కాలి.

ఎక్కాడు. సెల్లులో టార్చి ఉన్నవాడికి దెయ్యమేం చేస్తుందని ఆయన ధైర్యం.

పురుగులిల్లు దగ్గరికి రాగానే సిగ్నల్ వచ్చింది. అక్క నంబరు నొక్కబోయి... ఆగాడు.

లోపల ఏదో గుర్రుమంది. తుమ్మెద డబ్బాలో పడ్డట్టు. ఒక్కసారే. ఆగిపోయింది.

రాత్రి పూట ఎవరైనా పిలిస్తే మొదటి పిలుపుకి పలకకూడదని ఆ పక్కన చిన్నపిల్లలకి కూడా నేర్పుతారు. దెయ్యం ఒకసారే పిలుస్తుంది. బతికినోళ్ళయితేనే రెండోసారి పిలుస్తారు. హనుమంతప్ప రెండోసారి కోసం చూశాడు.

రాలేదు.

తలుపు సందులోంచి ఎర్రటి వెలుగు. తర్వాత పచ్చటి వెలుగు. పురుగులు గూడు కట్టే వెదురు తట్ట నీడ గోడ మీద చుట్టలు చుట్టలుగా కదిలింది. తర్వాత ఆ చప్పుడు... ఆకు మేస్తున్న చప్పుడు. ఒక్క పురుగు లేని ఇంట్లో.

చేతిలో టార్చి ఆరిపోయింది.

అప్పుడు గొంతు. బొంగురుగా, బావిలోంచి వస్తున్నట్టు. అక్కమ్మ గొంతే. ఆమె చేతి కూడు ఎన్నోసార్లు తిన్నవాడికి ఆ గొంతు తెలియదా.

"నా బిడ్డకి ఈ పెండ్లి జరగనీను... పందిట్లోకి నేనే వస్తాను... ఆ హనుమంతప్ప ఎదురుగానే నిలబడతాను. నన్ను ఎవురు కాల్చినారో, నా దినం కూడు ఎవురు తిన్నారో ఆడనే అడుగుతాను..."

హనుమంతప్ప ఆ కూడు తిన్నాడు. రెండోసారి పాయసం కూడా పోయించుకున్నాడు.

ఆయన గుట్ట ఎట్లా దిగాడో ఆయనకే తెలియదు. చెప్పు ఒకటి మల్బరీ తోటలో దొరికింది. సెల్లు దొరకలేదు.

మర్నాడు జ్వరంతోనే దుప్పటి కప్పుకుని పంచాయితీకి వచ్చాడు. అంతా చెప్పాడు. ఈ పెండ్లి వద్దన్నాడు. తిలక్‌కి వేరే పిల్లని చూస్తామన్నాడు. అందరూ వీరప్ప వైపు తిరిగారు.

వీరప్ప మొహంలో నెత్తుటి చుక్క లేదు. దెయ్యమూ లేదు గియ్యమూ లేదు అని గొణిగాడు.

"అట్లయితే ఆ మాట్లాడింది ఎవురప్పా? చచ్చిన మనిషి దెయ్యం కాకపోతే ఇంకేమయితాది?" అని అడిగాడు హనుమంతప్ప.

వీరప్ప తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఏమని చెబుతాడు?

అప్పుడు వీరప్ప తల్లి మునివెంకటమ్మ, ఆడవాళ్ళ గుంపులోంచి, ఎవరితోనూ కాదన్నట్టుగా అంది. "నా కోడలు బతికుండంగా బిడ్డని హోసూరులో చదివిస్తానని ఒకటే మాట. ఆ ఆశ తీరకనే తిరగతా ఉంది పాపం."

పంచాయితీ గంటసేపు గొంతు తగ్గించి మాట్లాడుకుంది. చైత్రని హోసూరుకు పంపాలని తేలింది. బతికున్న అక్కమ్మ చదువు మాటెత్తితే చెంప పగిలింది. చచ్చిన అక్కమ్మ ఎత్తితే తీర్మానమయింది. ఆడది మాట చెల్లించుకోవడానికి మన ఊర్లలో ఉన్న దారి అది ఒకటే కాబోలు.

అంతటితో ఆగలేదు. అమావాస్య అమావాస్యకు హనుమంతప్ప స్వయంగా పురుగులిల్లు గడప మీద చీర, గాజులు, పసుపు కుంకుమ పెట్టి, వెనక్కి చూడకుండా దిగొచ్చేవాడు. తెల్లారేసరికి అవి మాయం.

"యాడికి పోతాయి? నా పూలబుట్టలోకి" అంది పాపక్క, నవ్వు ఆపుకోలేక.

అక్కమ్మ చావలేదు. పుట్టింటి నుంచి హోసూరు పక్కన మూకండపల్లికి పోయి ఫ్యాక్టరీలో చేరింది. రమ్మని పోయిన వీరప్పని గేటు దగ్గరి నుంచే వెనక్కి పంపింది. పెండ్లాము వదిలేసిందని ఊరికి చెప్పుకోవడం కన్నా, పెండ్లాము చచ్చిపోయిందని చెప్పుకోవడం మగతనానికి సుఖంగా తోచింది వాడికి. ఫ్యాక్టరీ గేటు ముందర పూలు అమ్మే పాపక్కకి ఆమె కనబడింది. పాపక్క చెబితే మునివెంకటమ్మకి తెలిసింది. తర్వాత ఊరి ఆడవాళ్ళందరికీ తెలిసింది. మగవాళ్ళు అడగలేదు, వీళ్ళు చెప్పలేదు.

అక్కమ్మ ఒక చైనా సెట్టు కొని పూలబుట్టలో పంపింది. మోగితే ఎర్రగా పచ్చగా వెలిగే రకం. అవ్వా మనవరాలూ దాన్ని పురుగులింట్లో వెదురు తట్టలో దాచి, శబ్దం రాకుండా వణికేట్టు పెట్టుకున్నారు. అక్కమ్మ ఒక మిస్డ్ కాల్ ఇచ్చి, ఆ తర్వాత మళ్ళీ చేసి మాట్లాడేది; ఆ రెండోసారి వెలుగు కనబడగానే, వణకకముందే వీళ్ళు ఎత్తేవాళ్ళు. అవ్వకి చెవుడు. అందుకని స్పీకరు పెట్టేవాళ్ళు. ఆ స్పీకరు గరగర — అదే పురుగులు ఆకు మేసే చప్పుడు. ఆ రోజు ఎత్తాక హనుమంతప్ప టార్చి చూసి వీళ్ళు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. మూకండపల్లిలో ఉన్న అక్కమ్మకి ఆ సంగతి ఏం తెలుసు... తన కోపం తాను చెప్పుకుంటూ పోయింది.

దెయ్యం లేదని ఊర్లో గట్టిగా తెలిసిన మగవాడు వీరప్ప ఒక్కడే. ఆ మాట రుజువు చేయాలంటే గుండు, దినం కూడు, రెండో పెండ్లి అన్నీ విప్పాలి. అందుకని వాడూ గడప మీద కొబ్బరికాయ కొట్టాడు.

ఆ మరుసటేడు ఊర్లోనే టవరు వేశారు. ఇంక గుట్ట ఎక్కే పని ఎవరికీ లేదు. దెయ్యానికి కూడా.

ఒక రాత్రి వీరప్ప సంగటి ముందర కూర్చున్నాడు. జేబులో సెల్లు మోగింది. తెలియని నంబరు. ఒక్కసారి మోగి... ఆగింది.

ఎవరని త్రివేణి అడిగింది. వీరప్ప చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. ఒకసారే కదా... దెయ్యమే అయివుండాల, దేవుడా, దెయ్యమే అయివుండాల — అని పుట్టి బుద్ధెరిగినాక మొదటిసారి నిజంగా మొక్కుకున్నాడట.

సెల్లు రెండోసారి మోగింది.